నర్సంపేట మిర్చి గోదాముకు డొల్ల కాంక్రీటు గోడలు: తీసి మళ్లీ వాడే కోర్లతో చేసిన పని

వరంగల్ జిల్లా నర్సంపేట ప్రాంతంలో ఒక రైతు కుటుంబం మిర్చి బస్తాలు దాచుకోవడానికి తమ పొలంలోనే నాలుగు గదుల వరుస కట్టించుకుంది. ఒక్కో గది పొడవు దాదాపు 4 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, గోడల ఎత్తు 3 మీటర్లు, పైన రేకుల కప్పు. చూడడానికి మామూలు కట్టడమే. అయితే గోడలను ఇటుకతో కట్టకుండా, లోపల నిలువుగా గుండ్రటి ఖాళీలు వదులుతూ కాంక్రీటుతో ఏకంగా పోశాం. ఆ ఖాళీల కోసం ఇనుప కోర్లను, అంటే గుండ్రటి గొట్టపు అచ్చులను, షట్టరింగ్ (కాంక్రీటును పట్టి ఉంచే తాత్కాలిక పలకలు) మధ్య నిలబెట్టి, కాంక్రీటు పూర్తిగా గట్టిపడకముందే వాటిని పైకి లాగి, పక్క గదికి మళ్లీ వాడాం. ఈ పద్ధతిలో డిజైన్ లెక్కలు పెద్ద కష్టమైనవి కావు. కోరును ఎప్పుడు కదపాలి, ఎప్పుడు లాగాలి అన్న దాని మీదే పని నాణ్యత నిలుస్తుంది కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఇటుక వద్దనుకోవడానికి కారణాలు

స్థలం నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో నెర్రెలు విచ్చే ఆ నేల మీద అదే ఆవరణలో పాత ఇటుక కొట్టం ఒకటి ఉంది. దాని కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా చీలి, ఆ చీలిక ప్రతి వేసవిలో కొంత తెరుచుకుని, వానలకు కొంత మూసుకుంటూ ఉంటుంది. దీనికి తోడు మిర్చి బస్తాలను గోడకు ఆనించి ఎత్తుగా పేర్చే అలవాటు వల్ల గోడ మీద పక్క ఒత్తిడి పడుతుంది. ఇటుక గోడ నిలువు బరువును బాగా మోస్తుంది గానీ పక్క నుంచి తోస్తే దానికి బలం తక్కువ. అందుకే అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసిన పైల్స్ (నేల లోతుకు దించే కాంక్రీటు స్తంభాలు) వేసి, వాటి మీద నేలకు తగలకుండా ప్లింత్ బీమ్, అంటే గోడ అడుగు దూలం, పోసి, ఆ బీమ్‌తో కలిసి లోతైన దూలంలా పనిచేసే కాంక్రీటు గోడ వేయాలని నిర్ణయించాం. పైల్స్‌లో ఒకటి కొంచెం కదిలినా గోడ తనంతట తాను ఆ దూరాన్ని దాటగలుగుతుంది.

కాంక్రీటు గోడతో వచ్చే చిక్కు బరువు. 230 మి.మీ. మందం గల నిండు గోడ చదరపు మీటరుకు దాదాపు 552 కిలోలు తూగుతుంది. అదే మందంలో మేము ఎంచుకున్న ఖాళీలు వదిలితే 410 కిలోలకు దిగుతుంది. బలానికి పనికొచ్చేది ఎక్కువగా రెండు ముఖాల దగ్గరి కాంక్రీటే కాబట్టి నడుమ నుంచి తీసేసిన దానివల్ల నష్టం తక్కువ, పైల్స్ మీద భారం మాత్రం గణనీయంగా తగ్గుతుంది.

యజమాని మనసులో భూకంపం భయం కూడా ఉంది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు ఈ ప్రాంతమంతా తెలిశాయి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపాన్ని పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. మూలల్లోను, గోడలు కలిసే చోట్లను ఖాళీలు వదలకుండా నిండుగా పోసి 12 మి.మీ. కడ్డీలు నిలపడం, లింటెల్ మట్టంలోను (తలుపులు, కిటికీల పైఅంచు దగ్గర) కప్పు మట్టంలోను 150 మి.మీ. ఎత్తు పట్టీ చుట్టూ తిప్పడం ఆ ఆలోచనతోనే చేశాం. భారత ప్రమాణం (ఐఎస్) 4326లో ఇటుక కట్టడాలకు చెప్పిన సూత్రం కూడా ఇదే.

ఒక అపోహను ఇక్కడే తీర్చాలి. లోపల గాలి ఉంటుంది గనుక గోడ చల్లగా ఉంటుందన్నది ఈ పద్ధతి అడిగే ప్రతి ఒక్కరి ఆశ. మన యజమాని కూడా మొదట ఆ మాటే అన్నారు. ఎస్‌పీ 41 చేతిపుస్తకంలో కాంక్రీటు ఉష్ణవాహకత (వేడిని తన గుండా పోనిచ్చే గుణం) 1.58, ఇటుకది 0.81 అని ఉంది. ఆ విలువలతో లెక్క వేస్తే చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు లోపలికి వచ్చే వేడి నిండు కాంక్రీటు గోడకు 3.2 వాట్లు, మా డొల్ల గోడకు 2.7 వాట్లు, అదే మందం గల మామూలు ఇటుక గోడకు 2.2 వాట్లు వస్తుంది. అంటే వేడి ఒక్కటే లెక్క అయితే ఎర్ర ఇటుకే మేలు. రెండు ఖాళీల మధ్య నిలిచే కాంక్రీటు పట్టీల గుండా వేడి సాఫీగా దాటుతుంది, గాలి దాన్ని ఆపలేదు. ఖాళీల్లో వరి ఊక నింపుదామని యజమాని అడిగారు. రైస్ మిల్లుల దగ్గర అది దొరకడం తేలికే అయినా, తేమ తగిలితే పాడవుతుందేమోనన్న అనుమానంతో ఒప్పుకోలేదు. పడమటి గోడకు వెలుపల సున్నం వేసి, చూరు రేకులను ముందుకు చాచడంతో సరిపెట్టాం.

గోడ లోపలి కొలతలు

గోడ మందం 230 మి.మీ., కోరు వ్యాసం పైన 118, అడుగున 112 మి.మీ., ఒక కోరు కేంద్రం నుంచి పక్క కోరు కేంద్రానికి 175 మి.మీ. దీనివల్ల ఖాళీకి ఇటూ అటూ బయటి పొర కనీసం 56 మి.మీ., రెండు ఖాళీల మధ్య పట్టీ కనీసం 57 మి.మీ. మిగులుతాయి. ఐఎస్ 456:2000 ప్రకారం వాన తగిలే గోడకు కడ్డీ మీద 30 మి.మీ. కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు పొర, కావాలి. 8 మి.మీ. అడ్డ కడ్డీ కూడా పోగా కడ్డీకీ కోరుకూ మధ్య 18 మి.మీ. ఉంటుంది. 10 మి.మీ. కంకర, అంటే మన దగ్గర బేబీ చిప్స్ అని అమ్మేది, అందులో దిగుతుంది. చతురస్రపు కోరు కాకుండా గుండ్రటిది ఎంచుకోవడానికి ప్రధాన కారణం ఇదే. గుండ్రటి కోరు దగ్గర ఆ ఇరుకు ఒక్క గీత మేరకే ఉంటుంది, దాటగానే ఇరువైపులా చోటు విచ్చుకుంటుంది. చతురస్రపు కోరు అయితే దాని ముఖం వెడల్పంతా అదే ఇరుకు, కంకర అక్కడ చిక్కుకుని కింద బోలు మిగులుతుంది. పైగా గుండ్రటి దాన్ని తిప్పవచ్చు, చతురస్రాన్ని తిప్పలేం. ఆ తిప్పడం ఎంత ముఖ్యమో తర్వాత చెబుతాను.

గోడకు అడ్డంగా 0.20 శాతం, నిలువుగా 0.12 శాతం కడ్డీ ఉండాలన్నది అదే కోడ్ చెప్పే కనీసం. రెండు ముఖాల్లోను 8 మి.మీ. కడ్డీలు 200 మి.మీ. ఎడంలో అడ్డంగా, ప్రతి పట్టీ నడుమ ఒక 8 మి.మీ. కడ్డీ నిలువుగా వేస్తే రెండూ తీరాయి. ఖాళీని మినహాయించకుండా మొత్తం మందం మీదే ఈ శాతాలు చూశాం. కాంక్రీటు ఎం25 బలం గలది, సిమెంటు పీపీసీ (బూడిద లాంటివి కలిపిన రకం), ఇసుక స్థానంలో రోబో ఇసుక (రాతిని పొడి చేసి తీసినది), స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత జావగా ఉందో చెప్పే కొలత) 75 నుంచి 100 మి.మీ. అంతకన్నా జావగా ఉంటే కోరు తీశాక గోడ లోపలికి జారుతుంది, గట్టిగా ఉంటే అడ్డ కడ్డీల కింద తేనెతుట్టెలు (కాంక్రీటు నిండని బోలు చోట్లు) ఏర్పడతాయి.

ఎత్తును ఒకేసారి పోయలేదు. ప్లింత్ నుంచి మీటరు, ఆ పైన ఇంకో మీటరు, లింటెల్ పట్టీ, దాని మీద మిగిలిన 700 మి.మీ., చివర కప్పు పట్టీ. మీటరు ఎత్తు పోతలో షట్టరింగ్ అడుగున పడే ఒత్తిడి చదరపు మీటరుకు 24 కిలోన్యూటన్లు మించదు, మూడు మీటర్లు ఒకేసారి పోస్తే అది 72కు చేరుతుంది. అయితే అసలు కారణం ఒత్తిడి కాదు. కోరు పొడవు పెరిగే కొద్దీ దాన్ని పట్టి ఉంచే ఉపరితలం పెరుగుతుంది, కింద పోసిన కాంక్రీటుకూ పైన పోసిన దానికీ వయసు తేడా పెరుగుతుంది. ఇక ఏ సమయంలో లాగినా ఒక చివర తప్పే అవుతుంది.

కోరు తయారీ

మొదట వచ్చిన సలహా 110 మి.మీ. పీవీసీ పైపులు. అవి చవక, ఎక్కడైనా దొరుకుతాయి. గోడలోనే వదిలేసే పద్ధతిలో అయితే వాటికి వంక పెట్టలేం. తీసి మళ్లీ వాడాలంటే మాత్రం పనికిరావు: పైనా కిందా ఒకే వ్యాసం, ఎండకు ఇనుముకన్నా ఎన్నో రెట్లు వ్యాకోచిస్తాయి, కాంక్రీటును కుదిపి దట్టించే వైబ్రేటర్ తగిలితే గుండ్రతనం పోతుంది. అందువల్ల 3 మి.మీ. ఇనుప రేకును చుట్టి, అతుకును లోపలి వైపుకు వెల్డ్ చేయించి, బయట గ్రైండర్‌తో నునుపు పట్టించాం. వరంగల్‌లో నీళ్ల ట్యాంకర్లు చేసే వెల్డింగ్ షాపులకు ఇది తెలిసిన పనే. వాళ్లకు ఒప్పించాల్సింది ఒక్కటే, పైకి కిందికి ఉన్న 6 మి.మీ. తేడా పొరపాటు కాదని, సరిగ్గా అంతే కావాలని.

ఆ 6 మి.మీ. ఏం చేస్తుందో చూడాలి. కోరు మీటరు ఎత్తులో వ్యాసార్ధం 3 మి.మీ. తగ్గుతుంది కనుక, కోరు 10 మి.మీ. పైకి లేస్తే చుట్టూ 0.03 మి.మీ. సందు ఏర్పడుతుంది. వినడానికి చాలా తక్కువ. కానీ ఇనుముకూ కాంక్రీటుకూ మధ్య పట్టు తెగడానికి అది చాలు, ఇంకో 50 మి.మీ. లేచాక కోరు చేతికి తేలికగా వస్తుంది. పట్టుకున్న కోరులో చల్లటి నీళ్లు పోస్తే ఇనుము ముడుచుకుని వదులవుతుందని సెంట్రింగ్ పనివాళ్లలో ఒక నమ్మకం ఉంది. 20 డిగ్రీలు చల్లబడినా ఈ వ్యాసంలో వచ్చే సంకోచం 0.03 మి.మీ. లోపే, అంటే వ్యాసార్ధంలో అందులో సగం. కోరును 5 మి.మీ. లేపితే దొరికే సందు కోసం బకెట్లకొద్దీ నీళ్లు పోయడం అనవసరం.

డొల్ల దిమ్మెల యంత్రాల్లో కోరును కాంక్రీటు నింపిన వెంటనే తీసేస్తారు కదా, గోడకెందుకు ఆగాలి అన్న ప్రశ్న సైటులో తరచూ వస్తుంది. 1900లో అమెరికాలో హార్మన్ పామర్ పేటెంటు పొందిన దిమ్మెల యంత్రం నుంచి నేటి యంత్రాల వరకు అలా తీయగలగడానికి కారణం అందులో వాడే పొడి మిశ్రమం. గట్టిగా దట్టించిన ఆ మిశ్రమం తనంతట నిలుస్తుంది. కడ్డీల మధ్య దిగాల్సిన మా కాంక్రీటు 75 మి.మీ. స్లంప్‌తో అలా నిలవదు.

కోరు తేలడం గురించి ముందే లెక్క చూసుకోవడం మంచిది. పైకి వెడల్పయ్యే ఆకారం కాబట్టి పచ్చి కాంక్రీటు ఒత్తిడి దాన్ని కొంచెం పైకి తోస్తుంది. అడుగు సరిగ్గా మూసి ఉంటే మీటరు కోరు మీద ఆ తోపు 1.3 కిలోలు మాత్రమే, 12 కిలోల కోరుకు అదొక లెక్క కాదు. కానీ అడుగు పలక కిందికి సిమెంటు పాలు చేరితే కోరు తొలగించిన కాంక్రీటు బరువంతా, అంటే సుమారు 25 కిలోలు, పైకి నెడుతుంది. అప్పుడు కోరు తేలి పక్కకు ఒరుగుతుంది. అందుకని ప్లింత్ బీమ్ మీద కోరు వచ్చే ప్రతి చోట ఒక చిన్న కాంక్రీటు బిళ్లను ముందే అతికించి, దాని నడుమ నుంచి ఒక ఇనుప సూది నిలబెట్టాం. కోరు అడుగు పలకలోని రంధ్రం ఆ సూదిలో దిగి కూర్చుంటుంది, అంచు చుట్టూ గోనెపీచు కూరతాం. రెండో విడతలో కింద ఖాళీ ఉంటుంది గనుక అదే రంధ్రానికి కింది నుంచి 150 మి.మీ. చెక్క బిరడా బిగించి, దానికి గోనె చుట్టి, కింది ఖాళీలోకి దించాం. ఈ బిరడా కోరును సరైన చోట నిలబెట్టడమే కాక, పై పోతలోని సిమెంటు పాలు కిందికి కారకుండా ఆపింది. కోర్ల పైచివరలు అటూ ఇటూ పోకుండా రంధ్రాలున్న ఇనుప పట్టీని షట్టరింగ్ మీద బిగించాం.

పూత నూనె విషయంలో ఒక చిన్న మాట. వెలుపలి షీట్లకు కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తే గోడకు మరక పడి ప్లాస్టర్ పట్టదు. కోర్ల లోపల ప్లాస్టర్ ఉండదు కాబట్టి వాటికి ఫర్వాలేదని మేస్త్రీ వాదించారు, ఆ మాట నిజమే. అయినా కాలిన ఆయిల్‌లోని మసి రెండు మూడు వాడకాల్లో కోరు మీద జిగురుగా పేరుకుని తిప్పడాన్ని కష్టం చేస్తుంది. పలుచటి మోల్డ్ ఆయిల్‌నే గుడ్డతో తుడిచినట్టు రాశాం.

పోయడం, తిప్పడం, లాగడం

ఐఎస్ 456 ప్రకారం గోడ పక్క షట్టరింగ్‌ను 16 నుంచి 24 గంటల తర్వాత తీయాలి. కోర్లను అంతవరకు ఉంచితే ఇక రావు. అందుచేత వెలుపలి షీట్లు అలాగే ఉండగా, లోపలి కోర్లు కొద్ది గంటల్లోనే బయటికి రావాలి. ఈ రెండు గడువుల మధ్యనే పనంతా నడుస్తుంది.

పోతకు 25 మి.మీ. నీడిల్ (వైబ్రేటర్ సూది) వాడాం. రెండు కోర్ల మధ్య ఇరుకు పట్టీలో అది దిగదు. ముఖానికి దగ్గరగా, అడ్డ కడ్డీ వెనుక, వృత్తాలు ఒకదానికొకటి దూరమయ్యే చోట మాత్రం ధారాళంగా దిగుతుంది. ఎక్కడెక్కడ దించాలో పైపట్టీ మీద పెయింటుతో చుక్కలు పెట్టించాం, లేకపోతే అలవాటు కొద్దీ మధ్యలో గుచ్చి కోరును గీరుతారు.

పోత ముగిసిన అరగంట, ముప్పావుగంటకు మొదటి తిప్పడం. కోరు పైన అడ్డంగా దూర్చిన కడ్డీతో పావు చుట్టు తిప్పి వదిలేయాలి, లేపకూడదు. పది పదిహేను నిమిషాలకోసారి అదే క్రమంలో, అంటే ముందు పోసిన చోట ముందు, మొత్తం వరుసను తిప్పుతూ పోవాలి. మొదట్లో కోరు తిరుగుతుంటే చుట్టూ తడి మెరుస్తుంది. కొంతసేపటికి ఆ తడి మాయమై, కడ్డీ మీద చేతికి ఒక సన్నని గరగర తెలుస్తుంది. తిప్పే మనిషి మారకూడదన్నది అందుకే. ఆ గరగర ఎప్పుడు మొదలైందో, ఎంత పెరిగిందో ఒకే చేతికి తెలియాలి. ఇలా తిప్పడం వల్ల కోరుకు ఆనుకున్న పలుచటి పొర సానబట్టినట్టు నునుపుదేలి, కోరు తీశాక ఖాళీ గోడ రాలకుండా నిలుస్తుంది.

లాగే వేళను గడియారం చెప్పదు. ఒకప్పుడు ఐఎస్ 8142లో, ఇప్పుడు ఐఎస్ 1199 ఏడో భాగంలో ఉన్న ప్రకారం కాంక్రీటులోకి సూదిని దించి ప్రతిఘటన కొలిచే పద్ధతి ఉంది, అందులో చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు దాటితే తొలి గట్టిదనం వచ్చినట్టు. పొలంలో ఆ పరికరం పెట్టుకునే వీలు లేక మేము వాడింది పక్కన ఒక పెట్టె. ప్రతి పోతలో మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) నుంచి వచ్చిన మొదటి కాంక్రీటును 300 మి.మీ. చెక్క పెట్టెలో, నడుమ అదే వ్యాసం పొట్టి కోరుతో నింపి, గోడ పక్కనే అదే ఎండలో ఉంచాం. వరుసను లాగే ముందు ఆ పొట్టి కోరును లాగి చూస్తాం. రంధ్రం అంచు కిందికి జారినా, అడుగున నీరు ఊరినా ఇంకా ఆగాలి. అంచు జున్ను కోసినట్టు నిలిచి, బొటనవేలితో నొక్కితే ముద్ర పడీ పడనట్టుంటే మొదలు పెట్టవచ్చు. ఒకే మిశ్రమానికి ఏప్రిల్ మధ్యాహ్నంలో ఈ స్థితి గంటన్నరకు వస్తే, చలి ఉదయాల్లో మూడు గంటలు దాటింది. అదీ నీడలో ఒక రకం, ఎండలో ఒక రకం.

లాగడానికి పైనుంచి చైన్ పుల్లీ కట్టే ఏర్పాటును కాదన్నాను. అది కోరును ఏ కొంచెం పక్కకు లాగినా 56 మి.మీ. పొర పగులుతుంది. దాని బదులు షట్టరింగ్ మీద అడ్డంగా చిన్న ఇనుప చానెల్ వేసి, కోరు నడుమ బిగించిన మర కడ్డీని దాని గుండా పైకి తీసి, పైన నట్టు తిప్పాం. లాగే బలానికి ఎదురుబలం చానెల్ నుంచి షట్టరింగ్‌కు పోతుంది, పచ్చి కాంక్రీటుకు చేరదు. నట్టుతో నిదానంగా మొదటి 50 మి.మీ. లేపాక ఇద్దరు మనుషులు నిటారుగా ఎత్తి తీసేస్తారు. కోరు బయటికి రాగానే తడిగుడ్డతో తుడిచి, నూనె రాసి నిలబెట్టాలి. అంటిన సిమెంటు ఎండితే మర్నాడు చెక్కాల్సి వస్తుంది, చెక్కిన గీతలు మరుసటి లాగుడులో పట్టుకుంటాయి.

మిల్లర్ ఆగిన రోజు

పడమటి గోడ రెండో గది దగ్గర మొదటి విడత సగం పోశాక మిల్లర్ బెల్టు తెగింది. ఇంకో బెల్టు వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది, ముందు పోసిన సగానికీ తర్వాత పోసిన సగానికీ వయసులో పెద్ద తేడా వచ్చింది. తిప్పే మనిషి మిల్లర్ దగ్గరికి సాయం వెళ్లడంతో తిప్పే క్రమం కూడా తప్పింది. కాసేపటికి మేస్త్రీ వచ్చి, "చివరి మూడు తిరుగుతలేవు సార్, పట్టుకున్నయ్" అన్నారు.

ఇలాంటప్పుడు అందరి చూపు సుత్తి మీదికి పోతుంది. కోరును పక్కనుంచి కొడితే అది కదలవచ్చు గానీ దాని చుట్టూ ఉన్న పొర లోపల చీలుతుంది, ఆ చీలిక పైకి కనబడదు. సుత్తి పక్కన పెట్టించి, మూడింటికీ నట్లు వేసి, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా బిగిస్తూ, మధ్యమధ్యలో కోరు తలను నిలువుగా చెక్క దిమ్మెతో తట్టిస్తూ పోయాం. రెండు కదిలి వచ్చాయి. మూడోది రాలేదు, నట్టు బిగింపుకు చానెల్ వంగడం మొదలయ్యేసరికి ఆపేశాం. వచ్చిన రెండింటిలో ఒకదాని ఖాళీలోకి మొబైల్ లైటు దించి చూస్తే చుట్టూ ఉంగరంలా సన్నటి అడ్డ చీలిక కనబడింది. లాగుడుకు కాంక్రీటు కొంత కోరుతో పాటు పైకి లేచి మళ్లీ కూర్చున్న గుర్తు అది.

ఆ భాగాన్ని కొట్టేసి మళ్లీ పోయడం ఒక దారి. అంతకన్నా సులువైనది మేము చేశాం: చీలిక ఉన్న ఖాళీలో 12 మి.మీ. కడ్డీ నిలిపి, లోపలి గోడను తడిపి, అదే ఎం25 కాంక్రీటుతో నిండుగా నింపాం. రాని కోరును అక్కడే వదిలి దాని లోపలా అలాగే నింపాం. ఒక కోరు నష్టం, రెండు చోట్ల గోడ నిండు గోడ, అంతకుమించి ఏమీ కాలేదు. డొల్ల గోడకు ఉన్న సౌకర్యం ఇదే, అనుమానం వచ్చిన ఖాళీని ఎప్పుడైనా మూసేయవచ్చు.

ఆ తర్వాతి పోతలన్నీ తెల్లవారుజామునే మొదలుపెట్టాం. 40 డిగ్రీలు దాటిన వాతావరణంలో కాంక్రీటు పనికి ఐఎస్ 7861 వేరే జాగ్రత్తలు చెబుతుంది, ఏప్రిల్, మే నెలల్లో నర్సంపేట మధ్యాహ్నాలు ఆ గీత దాటడం మామూలే. కంకర కుప్ప మీద ముందు రాత్రి నీళ్లు చల్లడం, నీళ్ల డ్రమ్ములను నీడలో పెట్టడం, గట్టిపడే వేగాన్ని తగ్గించే రసాయనాన్ని కంపెనీ చెప్పిన మోతాదులో కలపడం చేశాం. వీటన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఒక్కో విడతను ఒక గదికే, అంటే ఇరవై పైచిలుకు కోర్లకే పరిమితం చేయడం. ఇద్దరు మనుషులు పదిహేను నిమిషాల్లో ఒక చుట్టు తిప్పి రాగలిగే సంఖ్య అది. ఎన్ని కోర్లు చేయించాలన్నది గోడ పొడవును బట్టి కాదు, ఈ తిప్పే సామర్థ్యాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

క్యూరింగ్‌లోనే తనిఖీ

పీపీసీ సిమెంటు, పొడి వేడి వాతావరణం రెండూ ఉన్నప్పుడు ఐఎస్ 456 అడిగే క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) 14 రోజులు. నిలువు గోడ మీద నీళ్లు నిలవవు, గోనె సంచులు గంటలో ఎండిపోతాయి. డొల్ల గోడలో దీనికి చక్కటి మార్గం ఉంది. వెలుపలి షీట్లు విప్పాక ఖాళీలనే నీళ్లతో నింపితే గోడ లోపలి నుంచి తడుస్తుంది. ప్రతి ఖాళీ అడుగున 12 మి.మీ. రంధ్రం వదిలి చెక్క మేకుతో మూశాం. క్యూరింగ్ కాగానే మేకు తీస్తే నీరు దిగిపోతుంది, తర్వాత లోపల ఊరే తేమకూ అదే దారి.

ఈ నీళ్లు తనిఖీ కూడా చేసిపెడతాయి. ఉదయం అన్ని ఖాళీలు అంచు దాకా నింపి సాయంత్రం చూస్తే, మట్టం మిగతావాటికన్నా ఎక్కువ పడిన ఖాళీ దగ్గర ఎక్కడో బోలు ఉన్నట్టు. వెలుపలి ముఖం మీద తడి మచ్చ కచ్చితమైన చోటు చూపుతుంది. పైకి చక్కగా కనబడిన ఒక చోట, అడ్డ కడ్డీ కింద ఉన్న తేనెతుట్టె ఇలాగే బయటపడింది. చెక్కి, గ్రౌట్ (పలుచటి సిమెంటు మిశ్రమం) నింపి, మళ్లీ నీళ్లు పోసి చూశాం.

చివరి విడత తర్వాత ఖాళీల నోళ్లను కాంక్రీటు బిళ్లలతో మూసి పైపట్టీ పోయాలి. మూయకుండా వదిలితే ఎలుకలకూ తేనెటీగలకూ అంతకన్నా మంచి ఇల్లు దొరకదు, మిర్చి గోదాములో ఎలుక అంటే సంచి పోయినట్టే. అడుగు రంధ్రాలకు కూడా జాలీ బిగించాం.

కరెంటు పని గురించి ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పాలి. ఇటుక గోడకు కొట్టినట్టు దీనికి గాడి కొడితే 56 మి.మీ. పొరలో సగం పోతుంది, కడ్డీ బయటపడుతుంది. స్విచ్ పెట్టెలను పోతకు ముందే షట్టరింగ్‌కు బిగించి, వైర్ల గొట్టాలను ఖాళీల్లోంచే దించాం. గోడకు బోల్టు వేయాలన్నా పట్టీల దగ్గరే వేయాలి, ఖాళీ మీద వేస్తే బరువు ఆగదు. 175 మి.మీ. ఎడంలో పట్టీలు ఎక్కడ వస్తాయో గోడ అడుగున చిన్న గీతలు పెట్టి, కొలతల కాగితం యజమానికి ఇచ్చాం.

ఖర్చు మాట

ఖాళీల వల్ల ఆదా 26 శాతం అని కాగితం మీద చెప్పుకోవచ్చు. మూలలు, గోడల కలయికలు, లింటెల్, కప్పు పట్టీలు నిండుగా పోశాక అసలు మిగిలేది ఐదో వంతు. 16 మీటర్ల పడమటి గోడకు నిండుగా అయితే 11 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టేది, అందులో మిగిలింది రెండు ఘనపు మీటర్ల పైచిలుకు. కోర్ల తయారీ, తిప్పే మనుషుల కూలి, విడతల మధ్య ఆగిన సమయం కలిపితే ఈ ఒక్క కట్టడంలో ఆ ఆదా పూర్తిగా తిరిగి రాలేదు. పైల్స్‌లో తగ్గించుకున్న కడ్డీ, కాంక్రీటు కలిస్తేనే లెక్క సరిపోయింది. గట్టి మొరం నేల మీద, ఒకే ఇల్లు కట్టుకునేవారికి నేను ఈ పద్ధతి చెప్పను, ఇటుకో సిమెంటు దిమ్మెలో చాలు. నేల బలహీనంగా ఉండి, గోడ మీద పక్క ఒత్తిడి ఉండి, ఒకే కొలత గదులు వరుసగా వచ్చే చోట మాత్రం ఇది నిలబడుతుంది.

పని అయ్యాక కోర్లు యజమాని దగ్గరే ఉన్నాయి. 118 మి.మీ. లోపలి వ్యాసంతో ఒక ఇనుప కడియం చేయించి ఇచ్చాం. ప్రతి కోరు పోత ఎత్తు గుర్తు వరకు అందులోంచి తగలకుండా జారాలి, ఎక్కడ ఆగితే అక్కడ సొట్ట ఉన్నట్టు. వాటిని పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగానే ఉంచాలి. పరకాల వైపు ఒకరు 150 మి.మీ. ప్రహరీ కోసం ఇవే కోర్లను అద్దెకు అడిగారు. ఆ మందంలో ఈ కోరు పెడితే బయటి పొర 16 మి.మీ. మాత్రమే మిగులుతుంది, కడ్డీకి కూడా చోటుండదు. వారికి సన్న కోర్లు వేరే చేయించుకోవాలని, లేదా ప్రహరీకి ముందే పోసిన పలకలు నిలబెట్టుకోవాలని చెప్పాను.